దూర నడకకు తేలికపాటి రెయిన్ జాకెట్: చలివానకు ఒక లెక్క, వెచ్చటి వానకు ఇంకో లెక్క

జార్జియాలో స్ప్రింగర్ కొండ దగ్గర మొదలయ్యే అప్పలాచియన్ ట్రెయిల్ 14 రాష్ట్రాలు దాటి, దాదాపు 3,530 కిలోమీటర్లు సాగి, మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ శిఖరం మీద ముగుస్తుంది. మొత్తం నడిచేవాళ్లకు అయిదు నుంచి ఏడు నెలలు పడుతుంది. అన్ని రకాల వానలూ ఆ ఒక్క దారిలోనే ఎదురవుతాయి కాబట్టి రెయిన్ జాకెట్ సత్తా తేలాలంటే దాన్ని మించిన పరీక్ష లేదు. మార్చి, ఏప్రిల్‌లలో స్మోకీ పర్వతాల మీద పడే వాన ఎముకలు కొరుకుతుంది. జులైలో వర్జీనియా అడవుల్లో పడే వాన మన గోదావరి జిల్లాల వానలా వెచ్చగా, ఉక్కగా ఉంటుంది. ఆఖర్లో న్యూ హాంప్‌షైర్‌లో చెట్లు మొలవని శిఖరాల మీద మళ్లీ చలివాన, దానికి తోడు ఈదురుగాలి. ఏ జాకెట్టూ ఈ మూడుచోట్లా ఒకేలా పనిచేయదు.

కొనేవాళ్లు సాధారణంగా అడిగేది ఒక్కటే: ఎంత పెద్ద వానకు ఆగుతుంది? అడగాల్సింది అది కాదు. నడిచే దారిలో వాన ఎంత చల్లగా పడుతుంది, ఆ వానలో ఎంత చెమట పడుతుంది అన్నవి ముందు తేల్చుకోవాలి. ఆ రెండూ తెలిస్తే ఏ జాకెట్ కొనాలో సగం తేలిపోతుంది.

కేదార్‌నాథ్ దారినే తీసుకోండి. గౌరీకుండ్ ఎత్తు సుమారు 1,980 మీటర్లు, గుడి ఎత్తు సుమారు 3,580. పదహారు కిలోమీటర్లకు పైబడిన ఎక్కుడులో 1,600 మీటర్లు పైకి వెళతాం. ప్రతి వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల చొప్పున తగ్గినా, పైన కిందికన్నా దాదాపు పది డిగ్రీలు తక్కువ ఉంటుంది. కింద జాకెట్ వేసుకుంటే చెమటతో తడుస్తాం, పైన వేసుకోకపోతే వానకు బిగుసుకుపోతాం. అమర్‌నాథ్ దారిలో శేష్‌నాగ్ దాటాక వచ్చే కనుమ 4,200 మీటర్లకు పైనే. అక్కడ తడి బట్టలతో నిలబడటం ప్రాణాపాయం. అప్పలాచియన్ దారిలో నెలల తేడాతో వచ్చే రెండు వానలూ ఇక్కడ ఒకే రోజులో ఎదురవుతాయి.

గాలి ఆడే గుడ్డ ఎందుకు ఆడదు

"చెమటను బయటికి పంపే పొర" అని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. అబద్ధమేమీ కాదు. కాని ఆ పొర తనంతట తాను ఏమీ పంపదు. లోపలి ఆవిరి ఒత్తిడికీ బయటి ఆవిరి ఒత్తిడికీ మధ్య తేడా ఉంటేనే ఆవిరి కదులుతుంది. చర్మం దగ్గర 35 డిగ్రీల వేడిలో గాలి ఆవిరితో నిండిపోతే ఒత్తిడి 5.6 కిలోపాస్కల్ ఉంటుంది. బయట 5 డిగ్రీల చలివానలో అది 0.9 లోపే. అంటే తేడా 4.7. అదే బయట 27 డిగ్రీల ముసురైతే అక్కడే 3.6 ఉంటుంది, తేడా రెండుకు పడిపోతుంది. అదే జాకెట్, అదే మనిషి, కాని చెమటను నెట్టే బలం సగం కూడా లేదు. ఎంత ఖరీదైన పొరైనా ఈ లెక్కను దాటలేదు.

ఇక చీటీ మీద ఉండే 10,000, 20,000 అంకెల సంగతి. అవి రెండు రకాలు, కలిపేసుకోకూడదు. మిల్లీమీటర్లలో ఉండేది నీటి ఒత్తిడిని తట్టుకునే శక్తి: గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా కారదని అర్థం. వాన చినుక్కి అంత అవసరం లేదు. కాని భుజాల మీద వీపు సంచి పట్టీలు, నడుము దగ్గర దాని బెల్టు తడి గుడ్డను గట్టిగా అదుముతాయి. 2,000 ఉన్న చవక జాకెట్ ముందు కారేది అక్కడే. బరువైన సంచితో నడిచేవాళ్లకు 10,000 సరిపోతుంది, అంతకు మించినదానికి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

గ్రాముల్లో ఉండేది చదరపు మీటరు గుడ్డ 24 గంటల్లో పంపగల ఆవిరి. 10,000 అంటే గంటకు సుమారు 417 గ్రాములు. సంచి మోస్తూ కొండ ఎక్కే మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పడుతుంది. జాకెట్ వీపు భాగమంతా సంచి కింద మూసుకుపోయి ఉంటుంది కాబట్టి అక్కడ ఆవిరి పోయే దారే లేదు. పైగా ఈ అంకెను కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి, గిన్నెను బోర్లించి కొలిస్తే ఒక అంకె, నిలబెట్టి కొలిస్తే ఇంకో అంకె వస్తాయి. రెండు కంపెనీల చీటీలు పక్కపక్కన పెట్టి పోల్చడం కాలక్షేపమే.

ఆవిరికి నమ్మకమైన దారి రంధ్రమే. చంకల కింద 25 నుంచి 30 సెంటీమీటర్ల జిప్పులు, మెడ దగ్గర వదులు, కింద తెరుచుకునే అంచు ఉంటే అడుగడుగుకీ లోపలి గాలి మారుతుంది. తెలంగాణ, రాయలసీమ గొర్రెల కాపరుల గొంగడి చేసేదీ ఇదే పని. ఉన్నిలోని కొవ్వు చినుకును జారుస్తుంది. గుడ్డ ఒంటికి అంటుకోకుండా గుడారంలా నిలుస్తుంది, కిందంతా తెరిచే ఉంటుంది. తడిసి బరువెక్కినా లోపల వెచ్చదనం పోదు. మోసుకుని వేల కిలోమీటర్లు నడవలేం గానీ, జాకెట్ ఎంచుకునేటప్పుడు మాత్రం గొంగడి పనితీరును గుర్తుపెట్టుకోండి.

ఒక్కో జాకెట్ గురించి

ఫ్రాగ్ టాగ్స్ అల్ట్రా-లైట్2. అప్పలాచియన్ దారిలో తరచూ కనిపించే చవక సరుకు. ప్యాంటుతో కలిపి 20, 30 డాలర్ల మధ్య దొరుకుతుంది. జాకెట్ ఒక్కటే 150 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఇది నేసిన గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్‌ను కాగితంలా ఒత్తి చేసిన పొర. చెమటను బాగానే వదులుతుంది, ఒంటికి జిగటగా అంటుకోదు. నడుము, చేతులు వదులుగా ఉంటాయి కాబట్టి గాలి తిరుగుతుంది. ధర చూసి తక్కువ అంచనా వేయకండి, చలివానలో ఇది మూడు రెట్లు ఖరీదైనవాటి సరసన నిలుస్తుంది.

ఓటమి ఎక్కడంటే చిరుగులో. ముళ్లకంపను ఒక్కసారి రాసుకుంటే చాలు, జానెడు చీలుతుంది. ప్యాంటు కూర్చునేచోట, జాకెట్ చంకల దగ్గర ముందు పోతాయి. కాకపోతే డక్ట్ టేప్ దీనికి గట్టిగా పట్టుకుంటుంది. నీటి సీసాకో నడక కర్రకో అర మీటరు టేపు చుట్టి ఉంచుకుంటే దారిలోనే అతికించుకోవచ్చు. జాకెట్‌కు కుట్టిన టోపీకి ముందు అంచు గట్టిగా ఉండదు, వాన కళ్లలో పడుతుంది. లోపల ఒక క్యాప్ పెట్టుకుంటే ఆ సమస్య తీరుతుంది. బాగా తొక్కిన, కంప కొట్టేసిన దారులకు ఇది మంచి ఎంపిక. న్యూ హాంప్‌షైర్‌లో రాళ్లు పట్టుకుని పాకాల్సిన చోట్లకు మాత్రం ఇది వద్దు.

అవుట్‌డోర్ రీసెర్చ్ హీలియం. సుమారు 180 గ్రాములు, ధర 150 డాలర్లు దాటుతుంది. పెర్టెక్స్ షీల్డ్ అనే రెండున్నర పొరల గుడ్డ. రెండున్నర అంటే బయటి గుడ్డ ఒకటి, నీళ్లు ఆపే పొర ఒకటి, లోపల మూడో గుడ్డకు బదులు పల్చటి ముద్ర. బరువు తగ్గేది అక్కడే, ఇబ్బంది మొదలయ్యేదీ అక్కడే: చెమట పట్టగానే లోపలి వైపు చేతులకు అతుక్కుంటుంది. పొడుగు చేతుల పల్చటి చొక్కా మీద వేసుకుంటే ఆ చిరాకు చాలావరకు పోతుంది. ఛాతీ జేబులోకి మడిస్తే పిడికిలికి కొంచెం పెద్దగా అవుతుంది.

దీనికి చంక జిప్పులు లేవు, చేతులు పెట్టుకునే జేబులూ లేవు. సంచిలో పడి ఉంటూ ఎప్పుడో ఒక గంట వానకు బయటికి వచ్చే జాకెట్‌గా ఇది చక్కటి సరుకు. ఎండ ఎక్కువ, వాన తక్కువ ఉండే దారులకు సరిగ్గా సరిపోతుంది. రోజుల తరబడి ముసురు పట్టే అప్పలాచియన్ మొదటి నెలకు మాత్రం దీన్ని మెచ్చలేం. ఎక్కుడులో ముందు జిప్పు తెరవడం తప్ప గాలికి ఇంకో దారి లేదు, ఆ జిప్పు తెరిస్తే వాన ఛాతీ మీదే పడుతుంది.

మార్మాట్ ప్రీసిప్ ఎకో, పటగోనియా టోరెంట్‌షెల్ 3ఎల్. ఈ రెండూ ఒక కోవకు చెందినవి. ప్రీసిప్ 300 గ్రాముల చుట్టుపక్కల, టోరెంట్‌షెల్ సుమారు 400. రెండింటికీ చంక జిప్పులున్నాయి. ప్రీసిప్ రెండున్నర పొరలది, టోరెంట్‌షెల్ మూడు పొరలది. మూడో పొర అంటే లోపల అల్లిక గుడ్డ. అది కొంత తేమను పీల్చుకుని ఒంటికి పొడిగా తగులుతుంది, నీళ్లు ఆపే పొరను రాపిడి నుంచి కాస్తుంది. సంచి పట్టీల కింద ఎక్కువ కాలం నిలిచేది ఇదే. హీలియంకన్నా 220 గ్రాములు ఎక్కువ మోయాలి, అంటే ఒక గ్లాసు నీళ్లంత బరువు. ఆరు నెలలు మోసేవాళ్లకు అది చిన్న విషయం కాదు. అయినా చలివానలో రోజంతా నడవాలంటే ఆ గ్లాసెడు బరువు మోయడమే మంచిది. స్మోకీల్లో దారి 2,025 మీటర్ల దాకా, కువోహి శిఖరం మీదకు ఎక్కుతుంది. ఆ ఎత్తుల్లో ఏడాదికి 2,100 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అక్కడ చంక జిప్పులు తెరిచి ఎక్కడం, శిఖరం మీద గాలికి మూసుకోవడం రోజుకు పదిసార్లు చేసే పని.

డబ్బు చూసుకునేవాళ్లకు ప్రీసిప్ చాలు. ఒకే జాకెట్‌తో హిమాలయ యాత్రలూ, ఊళ్లో వానాకాలమూ అయిదారేళ్లు గడపాలనుకునేవాళ్లు టోరెంట్‌షెల్ తీసుకోవచ్చు.

సిలికాన్ పూత పాలిస్టర్ జాకెట్లు, అంటే గుడారాలకు వాడే సిల్‌పాలీ. నార్త్ కరోలినాకు చెందిన లైట్‌హార్ట్ గేర్ కుట్టేది ఈ రకమే. సుమారు 200 గ్రాములు. ఈ గుడ్డ చెమటను ఒక్క చుక్క కూడా బయటికి పంపదు, ఆ సంగతి దాచరు కూడా. బదులుగా పెద్ద చంక జిప్పులు, వదులైన కుట్టు ఇస్తారు. చదవగానే తప్పుకుందాం అనిపిస్తుంది. కాని నెలల తరబడి నడిచేవాళ్లలో కొందరు చివరకు దీని దగ్గరకే వస్తారు. కారణం: పైపూత అరిగిపోవడం, బయటి గుడ్డ నీళ్లు తాగేయడం అనే రోగం దీనికి ఉండదు. సిలికాన్ దారంలోకి ఇంకి ఉంటుంది. మొదటి రోజు ఎంత నీళ్లు ఆపిందో నూరో రోజూ దాదాపు అంతే ఆపుతుంది. దులిపితే చాలావరకు ఆరిపోతుంది. మెల్లగా నడిచేవాళ్లకు, చెమట తక్కువ పట్టేవాళ్లకు ఇది గట్టి సరుకు. పరుగులాంటి నడకవాళ్లు మాత్రం లోపల స్నానం చేసినట్టే తడుస్తారు. కుట్లకు టేపు వేసిందా లేక మనమే సిలికాన్ జిగురు పూసుకోవాలా అన్నది కొనే ముందు అడగాలి.

కొలంబియా అవుట్‌డ్రై ఎక్స్‌ట్రీమ్ వరసలో నీళ్లు ఆపే పొరే బయటికి ఉంటుంది, తడిసిపోవడానికి బయటి గుడ్డే లేదు. ఆలోచన చాలా మంచిది. కాని ఆ పొరకు పైన కాపు లేదు కాబట్టి సంచి పట్టీల కిందా, రాళ్ల దగ్గరా గీతలు పడే భయం ఉంది.

డెకథ్లాన్‌లో దొరికే క్వెచువా రెయిన్‌కట్ వెయ్యి రూపాయలకు అటూఇటూ ఉండే చవక జాకెట్. లోపల పాలీయురెథేన్ పూత. బస్సు దిగి గుడిదాకా నడవడానికి, తిరుమల మెట్లకు, ఒక పూట కొండ ఎక్కుడుకు సరిపోతుంది. పట్టీల కింద రోజంతా అదిమి ఉంచితే నీళ్లు లోపలికి చేరతాయి, చెమటకూ దారి లేదు. అయినా అమర్‌నాథ్ దారిలో తలమీంచి దుప్పటిలా తొడుక్కునే పల్చటి ప్లాస్టిక్ పాంచోలో వెళ్లేవాళ్లకన్నా దీన్ని వేసుకుని, లోపల ఉన్ని లేదా ఫ్లీస్ (ఉన్నిలాంటి మెత్తటి పాలిస్టర్ గుడ్డ) తొడుక్కుని వెళ్లేవాళ్లే క్షేమం.

ఆ పాంచోల గురించి ఒక మాట. యాత్రాస్థలాల్లో అమ్మే పల్చటివి గాలికి తలమీదకు ఎగురుతాయి, గుర్రాల రద్దీలో దేనికో తగులుకుని చిరుగుతాయి, సాయంత్రానికి లోయలో చెత్తగా మిగులుతాయి. అన్నిటికన్నా ప్రమాదం, ముందుభాగం కాళ్ల మీదకు వేలాడి మెట్టు కనిపించదు. మందపాటి గుడ్డతో, నడుము తాడుతో వచ్చే పాంచో వేరే సరుకు. సంచిని కూడా కప్పుతుంది, గాలి బాగా ఆడుతుంది, చెట్లున్న దారిలో జాకెట్‌కన్నా హాయిగా ఉంటుంది. చెట్లు దాటి గాలిలోకి వెళ్లే దారికి మాత్రం వద్దు.

వెచ్చటి వానలో

వర్జీనియాలో జూన్ వచ్చేసరికి పై జాకెట్లన్నీ ఒకటే. 27 డిగ్రీల వానలో ఏది వేసుకుని కొండ ఎక్కినా లోపలి నుంచి తడుస్తారు. అక్కడ వాన వల్ల చలి లేదు, ఆపాల్సిన అవసరమూ పెద్దగా లేదు. త్వరగా ఆరే పాలిస్టర్ చొక్కాతో తడుస్తూ నడవడమే చాలామంది చేసేది. లేదా గొడుగు. నడకకోసం చేసిన గొడుగు 200 గ్రాములు ఉంటుంది, సంచి పట్టీకి క్లిప్పుతో బిగిస్తే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ముఖం, భుజాలు, సంచి పైభాగం పొడిగా ఉంటాయి, చుట్టూ గాలి తిరుగుతుంది. పాపికొండల్లోనో, నల్లమలలోనో, అరకు వైపో వానాకాలంలో నడిచేవాళ్లకు మొదటి సలహా గొడుగే. ఈదురుగాలి, ఉరుములు, ఇరుకు పొదల దారి అయితే మూసేయాలి.

అందుకే మార్చిలో జార్జియా నుంచి బయలుదేరేవాళ్లకు ఇలా చేయమని చెప్పొచ్చు. మొదట చంక జిప్పులున్న 300, 400 గ్రాముల జాకెట్ తీసుకెళ్లాలి. వర్జీనియాలో 1,700 మీటర్లు దాటే మౌంట్ రోజర్స్ ప్రాంతం గడిచాక, చలిబట్టలతో పాటు దాన్నీ పోస్టులో ఇంటికి పంపి, ఫ్రాగ్ టాగ్స్ లేదా గొడుగు పెట్టుకోవాలి. న్యూ హాంప్‌షైర్‌లో గ్లెన్‌క్లిఫ్ చేరే ముందు పాత జాకెట్‌ను తిరిగి తెప్పించుకోవాలి. ఆ ఊరి వెనక ఉన్న మూసిలాక్ కొండతోనే చెట్లు లేని ఎత్తులు మొదలవుతాయి. పోస్టేజీ ఖర్చు అవుతుంది, నిజమే. మూడు నెలలు అనవసరంగా మోసే బరువుతో పోలిస్తే అది ఎక్కువేమీ కాదు.

ఏ వానకైనా మారనిది ఒకటుంది. పడుకునే బట్టలు, ఉన్ని మేజోళ్లు, స్లీపింగ్ బ్యాగ్ మందపాటి పాలిథిన్ సంచిలో, అదీ వీపు సంచి లోపల ఉండాలి. సంచి పైన కప్పే తొడుగును నమ్ముకోకూడదు. వీపు వైపు అది తెరిచే ఉంటుంది, జాకెట్ మీద జారిన నీళ్లన్నీ అటే దిగుతాయి. జాకెట్ ఎంత మంచిదైనా ఏదో ఒక రోజు ఓడిపోతుంది, ఆ రాత్రి కాపాడేది ఆ పొడి బట్టలే. సున్నాకు పదికి మధ్య డిగ్రీల్లో గాలితో కూడిన వాన మంచుకన్నా మోసకారి. వణుకు మొదలై, జిప్పు లాగడానికి వేళ్లు సహకరించక, మాట ముద్దగా వస్తుంటే ఇక నడక ఆపి, గాలి తగలని చోట తడి బట్టలు విప్పి పొడివి తొడగాలి. నూలు బనియన్ తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి జాకెట్ కింద అది ఉండకూడదు.

కొట్లో వేసుకుని చూసేటప్పుడు

చీటీలో "వాటర్ రెసిస్టెంట్" అని ఉంటే అది తుంపరకే. మన బజార్లో విండ్‌చీటర్ పేరుతో అమ్మేవి ఎక్కువగా ఇవే. "వాటర్‌ప్రూఫ్" అని ఉన్నా లోపలికి తిప్పి కుట్లు చూడండి. ప్రతి కుట్టు మీద టేపు ఉండాలి. కొన్నిటికి భుజాలకీ టోపీకీ మాత్రమే వేసి వదిలేస్తారు, పక్క కుట్ల నుంచి నీళ్లు వస్తాయి.

ఫ్లీస్ వేసుకుని దాని మీద జాకెట్ తొడగండి. రెండు చేతులూ పైకెత్తితే అంచు బొడ్డు పైకి లేవకూడదు, మణికట్లు బయటపడకూడదు. టోపీ బిగించి తల పక్కకు తిప్పండి. టోపీ తలతో పాటు తిరగాలి. టోపీ కదలక ముఖం దాని లోపలికి పోతుంటే ఆ జాకెట్ వద్దు, రాళ్ల దారిలో పక్కకు చూడలేరు. వెనక లాగే తాడు ఒకటి ఉంటేనే ఈ పని జరుగుతుంది. వీలైతే సంచి తగిలించుకుని చూడండి. నడుము బెల్టు కింద జేబులు పడితే అవి ఉన్నా లేనట్టే.

చేతుల అంచుల దగ్గర చాలామంది పొరపడతారు. నడక కర్రలు పట్టుకుంటే ముంజేతులు పైకి ఉంటాయి, నీళ్లు అరచేతి నుంచి మోచేతికి పారుతాయి. ఎలాస్టిక్ అంచు ఆ నీళ్లను పీల్చి లోపలికి ఇస్తుంది. వెల్క్రో పట్టీతో మూసుకునేది మేలు, ఎక్కుడులో తెరుచుకోవచ్చు కూడా. ముందు జిప్పుకు రబ్బరులాంటి పూత ఉన్నా, దాని వెనక గుడ్డ మడత ఉందో లేదో చూడండి. ఆ పూత జిప్పు వంగేచోట పగులుతుంది, అప్పుడు నీళ్లు ఆపేది వెనక మడతే.

"కారుతోంది" అనిపించినప్పుడు

రెండు మూడు వారాల నడక తర్వాత చాలామంది అనే మాట ఇది. చాలాసార్లు నిజానికి జాకెట్ కారదు. బయటి గుడ్డ మీద చినుకును ముత్యంలా జార్చే పూత ఒకటి ఉంటుంది. పట్టీల రాపిడికి, చెమట జిడ్డుకు, మట్టికి అది ముందు పోతుంది. అప్పుడు బయటి గుడ్డ నీళ్లు తాగి బరువెక్కి చల్లబడుతుంది. ఆవిరి బయటికి పోలేదు, చల్లటి లోపలి వైపు మీద నీటి బొట్లుగా మారి ఒంటి మీద పడుతుంది. నీళ్లు మనవే.

తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. గిన్నె మీద జాకెట్ భుజం భాగాన్ని గుంటగా పరిచి, కప్పు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. అడుగు పొడిగా ఉంటే పొర బాగుంది, పూత పోయింది. అడుగు తడిస్తే పొరే పోయింది, లేదా కుట్టు టేపు లేచింది.

పూత పోతే తిరిగి వస్తుంది. మామూలు సబ్బుపొడి వాడకండి. మిగిలే సబ్బు నీళ్లను ఆకర్షిస్తుంది. బట్టలు మెత్తబరిచే ద్రవాలు ఇంకా చెడ్డవి. నిక్‌వాక్స్ టెక్ వాష్ లాంటి ప్రత్యేకమైన సబ్బుతో ఉతికి, రెండుసార్లు జాడించి ఆరబెట్టాలి. ఆ తర్వాత వేడి తగలాలి. వేడికే పూత తిరిగి నిలబడుతుంది. డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో ఇరవై నిమిషాలు. లేకపోతే పల్చటి నూలు గుడ్డ అడ్డం వేసి, ఆవిరి లేకుండా, అతి తక్కువ వేడిలో ఇస్త్రీ చేయొచ్చు. లోపలి చీటీ ఇస్త్రీ వద్దంటే చేయకండి. ఫ్రాగ్ టాగ్స్‌కు ఇస్త్రీ పెట్టె దగ్గరికే తేకండి, పాలీప్రొపిలీన్ కరుగుతుంది. అప్పటికీ చినుకు జారకపోతే స్ప్రే పూత కొట్టాలి, ముఖ్యంగా భుజాలకు, ముంజేతులకు.

కొత్త జాకెట్లకు ఈ పని మునుపటికన్నా తరచుగా చేయాల్సి వస్తుంది. పాత పూతల్లో ఉన్న ఫ్లోరిన్ రసాయనాలు నీటిలోనూ ఒంట్లోనూ పేరుకుపోతాయని వాటిని తొలగిస్తున్నారు. కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2025 నుంచి బట్టల్లో వాటి మీద ఆంక్షలు పెట్టాయి. జాకెట్లలో నీళ్లు ఆపే పొరకు పేరున్న గోర్-టెక్స్ కూడా 2022 నుంచి పాలిథిలీన్ పొరకు మారడం మొదలుపెట్టింది. చేయాల్సిన మార్పే. కాని కొత్త పూతలు నీళ్లను ఆపినంతగా జిడ్డును ఆపలేవు. చేతులకు పూసుకునే సన్‌స్క్రీన్, మెడ చెమట వాటిని త్వరగా దెబ్బతీస్తాయి. మెడ పట్టీని వారానికోసారి తడిగుడ్డతో తుడిచినా తేడా కనిపిస్తుంది.

పాలీయురెథేన్ పూతకు ఇంకో శత్రువు ఉంది. అది తేమ, వేడి కలిస్తే వాడకపోయినా విరిగిపోతుంది. లోపలి వైపు బంకగా మారి, పుల్లటి వాసన వేసి, చివరకు పొట్టులా రాలుతుంది. విశాఖ, కాకినాడ, చెన్నైలాంటి సముద్రపు ఊళ్లలో ఇది త్వరగా వస్తుంది. దీనికి మందు లేదు, ఏ స్ప్రే పనిచేయదు. అందుకే జాకెట్‌ను దాని జేబులోకి కుక్కి అటక మీద పెట్టకూడదు, పూర్తిగా ఆరాక గాలి తగిలే బీరువాలో వేలాడదీయాలి. తగ్గింపు ధరకు పాత నిల్వ కొంటుంటే లోపలి వైపు బొటనవేలితో రుద్ది చూడండి, కొంచెం జిగటగా తగిలినా తిరిగి ఇచ్చేయండి. ఇంట్లో ఉన్న జాకెట్‌తోనే యాత్రకు వెళ్లేవాళ్లు దాన్ని ప్రయాణం ముందు రోజు కాకుండా నెల ముందు బయటికి తీసి, గిన్నె మీద పరిచి నీళ్లు పోసి చూడాలి. అప్పుడైతే ఇంకోటి వెతికి తెచ్చుకోవడానికి టైముంటుంది.